కుడిపక్క కుర్చీ

“మీ నాయన కొట్టినాడా అమ్మా?”

చక్రాల కుర్చీలో కూర్చున్న దీప తల ఊపింది. అవునన్నట్టు, నెమ్మదిగా.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ప్రేమ్ కుమార్ వీడియో తీస్తున్న కానిస్టేబుల్ వైపు చూశాడు. “వచ్చిందా?”

“వచ్చింది సార్. మొహం, తల ఊపింది, అన్నీ పడినాయి.”

“చాలు. ఆపేయ్.”

“ఆపొద్దు,” అంది తలుపు దగ్గర నిలబడిన ప్రభావతి. “నేనూ నాలుగు మాటలు అడుగుతా. అవి కూడా పడనీ.”

ప్రేమ్ కుమార్ మొహం చిట్లించాడు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసుకునే ఇంటి ఆడపడుచు ఆమె. కర్నూలు ఫోరెన్సిక్ ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసి, ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఇంతకుముందు రెండు కేసుల్లో ఆయన రాసిన చార్జిషీటు కోర్టులో నిలబడకపోవడానికి ఆమే కారణం.

“మీరు ఎవరి తరఫున మేడమ్?”

“ఈ పిల్ల అవ్వ బసమ్మ తరఫున. ఆమె కొడుకునే కదా మీరు లోపల వేసింది.”

కేసు చూడ్డానికి చిన్నది. నందవరం దగ్గర ఒక పల్లెలో, పత్తిచేను మధ్య మోటారు షెడ్డులో ఈశ్వరి అనే ఇల్లాలు గడ్డపార దెబ్బకు తల పగిలి చనిపోయింది. పక్కనే ఆమె తొమ్మిదేళ్ళ కూతురు దీప, అదే గడ్డపారతో తగిలిన దెబ్బకు స్పృహ తప్పి పడి ఉంది. భర్త జయరాం రక్తం పూసుకున్న చొక్కాతో కూతురిని భుజాన వేసుకొని రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చాడు. ముందురోజు మొగుడూ పెళ్ళాలు గొడవ పడ్డారని ఇరుగుపొరుగు చెప్పారు. పోలీసులకు అంతకంటే ఏం కావాలి? జయరాం ఇప్పుడు జైల్లో ఉన్నాడు. దీప ప్రాణం దక్కింది గానీ మాట పోయింది, కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. కర్నూలులో ఆపరేషన్ చేసి, కోలుకోవడానికి ఆదోనిలోని ఈ పిల్లల ఆసుపత్రికి పంపారు. తలకు దెబ్బలు తగిలిన పిల్లలకు మళ్ళీ నడక, మాట, ముద్ద కలుపుకోవడం నేర్పే విభాగం ఒకటి ఇక్కడ ఉంది.

ప్రభావతి వచ్చి దీపకు ఎడమవైపున మోకాళ్ళ మీద కూర్చుంది. గొరిగిన తల మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి. వాటి మధ్య కుట్ల గీత వంకరగా కనిపిస్తోంది.

“నీ పేరు దీపనా?”

దీప తల ఊపింది.

“నీ పేరు జానకినా?”

తల ఊపింది.

ప్రేమ్ కుమార్ కదిలాడు. ప్రభావతి ఆయన వైపు చూడలేదు.

“నిన్ను నేను కొట్టినానా తల్లీ?”

దీప తల ఊపింది.

“ఈ పోలీసు సార్ కొట్టినాడా?”

దీప తల ఊపింది. ఊపి, అందరి మొహాలూ చూసి నవ్వబోయింది. పెదవి ఎడమవైపు మాత్రమే లేచింది. అడిగినవాళ్ళకు కావలసింది ఇచ్చానన్న తృప్తి ఆ సగం నవ్వులో కనిపించింది. కానిస్టేబుల్ ఫోన్ దించేశాడు.

మాట నేర్పే థెరపిస్టు రూప ముందుకొచ్చి దీప ఒళ్ళోంచి జారిన చేతిని సర్ది పెట్టింది. “నేను ముందే చెప్పినాను సార్. మెదడులో మాటలుండే చోటే దెబ్బ తగిలింది. అవును, కాదు అనే తేడా ఇంకా కుదరలేదు. ఏది అడిగినా తల ఊపుతుంది. మీరు వినలేదు.”

“అట్లయితే ఈ పిల్ల చెప్పేదేదీ సాక్ష్యానికి పనికిరాదన్నమాట,” అన్నాడు ప్రేమ్ కుమార్. గొంతు పెంచలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. “మంచిది. గుర్తు పెట్టుకోండి మేడమ్. రేపు ఈ పిల్ల ఇంకెవర్నో చూపించిందని మీరు నా దగ్గరికి వస్తే, ఇదే వీడియో మీకు చూపిస్తా.”

“చూపించండి.”

“చొక్కా మీద రక్తం ఉంది. గొడవ జరిగింది. వేరే మనిషి అక్కడికి వచ్చిన ఆనవాలు లేదు. మీకు ఇంకేం కావాల?”

“గడ్డపార మీద వేలిముద్రలు ఎందుకు లేవో కావాల. రక్తపు చొక్కాతో రోడ్డు మీదికొచ్చినవాడు గడ్డపార మాత్రం తుడిచి వచ్చినాడా?”

ప్రేమ్ కుమార్ టోపీ పెట్టుకున్నాడు. “ఎమ్మిగనూరులో పనుంది,” అని కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొని వెళ్ళిపోయాడు.

వార్డు బయట వరండాలో బల్ల మీద బసమ్మ కూర్చుని ఉంది. పక్కన ఆమె పెద్దకొడుకు శ్రీనివాసులు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. తమ్ముడు జైలుకు పోయినప్పటి నుంచి తల్లినీ పిల్లనూ చూసుకుంటున్నది అతనే. వారం తప్పకుండా ఊరి నుంచి వస్తాడనీ, వచ్చినప్పుడల్లా పిల్ల పక్కన గంటలకొద్దీ కూర్చుంటాడనీ నర్సులు మెచ్చుకుంటూ చెప్పారు.

“నీతో రెండు మాటలు,” అంది ప్రభావతి.

అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని, గుసగుసగా “పదండమ్మా” అన్నాడు. మెట్ల దగ్గరికి వచ్చాక తువ్వాలు తీసి గొంతు సవరించుకున్నాడు. చేలో ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు వినిపించే గొంతు.

“ఆడ ఎందుకంత మెల్లగా మాట్లాడినావు?”

“పాప నిద్రలో ఉంటాది గదమ్మా.”

“పాప మేలుకొనే ఉందే. అందరం గట్టిగానే మాట్లాడుతున్నాం లోపల.”

“అలవాటైపోయింది. దాన్ని చూస్తే నాకు నోరు పెగలదు.”

“నీ తమ్ముడు చేసినాడంటావా?”

శ్రీనివాసులు కిటికీలోంచి బయటికి చూశాడు. “చేసినాడని నేను అనను. చేయలేదనీ అనను. కోపిష్టి వాడు. దేవునికి తెలుసు.”

“ఈశ్వరి ఎట్లాంటి మనిషి?”

“ఇంటి కోడలు. నేను ఎక్కువ మాట్లాడింది లేదు.” చప్పున మాట మార్చాడు. “అమ్మా, సోమవారం నుంచి పాపకు ఏందో కొత్తది నేర్పిస్తారంట గదా. అది నేర్సుకుంటే మాట కూడా వస్తాదా?”

“అది డాక్టరమ్మను అడగాల.”

“అడిగినా. సెప్పలేమన్యాది.”

అతను మెట్ల మీద నుంచి వెనక్కి వెళ్ళిపోయాడు. వార్డు తలుపు దగ్గరికి రాగానే తువ్వాలు మళ్ళీ నోటి మీదికి పోవడం ప్రభావతి చూసింది.

ఆ విభాగాన్ని నడిపే డాక్టర్ నందిని దొరికేసరికి గంట పైనే పట్టింది. తన గదిలో ఎక్స్‌రేలు చూసుకుంటోంది. నిద్ర చాలని కళ్ళు. ముక్కుసూటి మనిషి.

“సోమవారం ఏం మొదలుపెడుతున్నారు డాక్టర్?”

“చూపు. దీపకు కళ్ళు బాగానే ఉన్నాయి, కానీ మెదడు ఎడమభాగం దెబ్బతినడం వల్ల కుడిపక్క ఉన్నదేదీ కనిపించదు. రెండు కళ్ళకూ అంతే. కంచంలో కుడివైపు అన్నం అట్లే వదిలేస్తుంది, ఆకలి తీరకపోయినా. తల తిప్పి చూసుకోవాలని ఆమెకు తోచదు, ఎందుకంటే అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలీదు. అందుకే మేమంతా ఎడమవైపు నుంచే దగ్గరికి వెళ్తాం. ఇంటివాళ్ళకూ అదే చెప్పినాం. ఇప్పుడు కాస్త బలం వచ్చింది, తల కుడికి తిప్పడం నేర్పిస్తాం.”

“ఈ మాట ఇంటివాళ్ళకు తెలుసా?”

“నిన్న కూర్చోబెట్టి చెప్పినాను. అవ్వ ఉంది, పెదనాన్న ఉన్నాడు. అతనే అడిగి అడిగి తెలుసుకున్నాడు. అంత శ్రద్ధ ఉన్న మనిషిని నేను తక్కువ చూసినాను.”

ప్రభావతి లేచింది. “దీప మంచం ఒకసారి చూడొచ్చా?”

మంచం ఖాళీగా ఉంది. ఫిజియోథెరపిస్టు రాజేష్ దుప్పటి మడత పెడుతున్నాడు. తలుపూ, కిటికీ, బల్లా, బొమ్మలూ అన్నీ మంచానికి ఎడమవైపున ఉన్నాయి. కుడివైపున గోడ. గోడకూ మంచానికీ మధ్య మనిషి ఒరిగితే గానీ పట్టని సందు. ఆ సందులో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇరికించి ఉంది.

ప్రభావతి ఆ కుర్చీని చాలాసేపు చూసింది. ఎడమవైపు బోలెడంత చోటు ఉంది. కిటికీ గాలి వస్తుంది. కుర్చీని అక్కడి నుంచి ఈడ్చుకొచ్చి ఈ సందులో వేసుకున్నారు. ఒకసారి కాదు, నేల మీద కుర్చీ కాళ్ళ గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. గోడకు సున్నం రాలిపోయి, మనిషి వీపు ఆనిన మరక నున్నగా కనిపిస్తోంది.

“ఇక్కడ ఎవరు కూర్చుంటారు?”

“పెదనాన్న మేడమ్,” అన్నాడు రాజేష్. “ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఈ పక్క కూర్చుంటే పాపకు నువ్వు వచ్చినట్టే తెలీదన్నా, ఆ పక్కకు రా అంటే, తలకాయ ఊపుతాడు. మళ్ళీ వచ్చి చూస్తే ఇక్కడే ఉంటాడు. పల్లెటూరి మనిషి, దుఃఖంలో ఉన్నాడు, మనం చెప్పేది తలకెక్కడం లేదులే అనుకున్నాం.”

ప్రభావతి మంచం మీద కూర్చుంది. తలుపు వైపు చూసింది. మొహానికి కుడిపక్క అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కుర్చీ మాయమైంది. గోడ మాయమైంది. అక్కడ మనిషి కూర్చుని ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మాట్లాడకుండా ఉంటే చాలు.

చెయ్యి దించి లేచింది.

“రాజేష్, ఈ పిల్ల ఎప్పుడైనా భయపడి అరిచిందా?”

“అరిచింది. వరండాలో ఒకసారి చక్రాల కుర్చీ వెనక్కి తిప్పినాను, ఉన్నట్టుండి కెవ్వుమని బిగుసుకుపోయింది. మూర్ఛ అనుకొని మందు పెంచినారు.”

“నువ్వు కుర్చీ తిప్పినప్పుడు ఎదురుగా ఎవరున్నారు?”

రాజేష్ నోరు తెరిచాడు. దుప్పటి చేతిలోంచి జారింది. “పెదనాన్న. టిఫిన్ క్యారియర్ తీసుకొని వస్తున్నాడు... మేడమ్, మేము...”

“దీప ఎక్కడ?”

“ఇంటికి పంపినాం మేడమ్. రెండు రోజుల సెలవు. అందరు పిల్లలకూ మధ్యలో ఒకసారి ఇస్తాం. ఆయనే పొద్దున అడిగినాడు.”

ప్రభావతి వరండాలోకి పరిగెత్తింది. బల్ల మీద బసమ్మ ఒక్కతే ఉంది, ఒళ్ళో మందుల సంచి.

“బసమ్మా, పాపతో నువ్వు పోలేదేం?”

“ఆటోలో పాపను పండుకోబెట్టల్లంట తల్లీ, సోటు సాలదన్యాడు. మందులు ఇప్పించుకొని బస్సుకు రా అన్యాడు. పోయి శానాసేపాయ.” ముసలామె ప్రభావతి మొహం చూసి లేచి నిలబడింది. “ఏమాయ తల్లీ? ఎందుకట్ల సూస్తాండావు?”

కారు ఆదోని దాటేలోపు ప్రభావతి ప్రేమ్ కుమార్‌కు ఫోన్ చేసింది. ముందు సీట్లో, పిల్లకు తోడుంటుందని వెంట తెచ్చుకున్న రూప. వెనక బసమ్మ. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

“ఒక ఆటో వస్తుంది ఎమ్మిగనూరు వైపు. దీప, శ్రీనివాసులు ఉంటారు. ఆపండి.”

“కారణం?”

“పిల్లకు ప్రమాదం ఉంది.”

“ఎవరు చెప్పినారు? పిల్ల తల ఊపిందా?”

ప్రభావతి పళ్ళు బిగబట్టింది. “పొద్దున మీ పరువు తీసినాను, ఒప్పుకుంటాను. రేపు నా పరువు మీరు తీయండి. ఈ రోజు మాత్రం ఆటో ఆపండి సార్. బతిమాలుకుంటున్నాను.”

ఫోన్ కట్ అయింది. ఆపుతానని అనలేదు, ఆపననీ అనలేదు.

దారి పొడుగునా రెండు పక్కలా పత్తి చేలు, తీసేసిన చేలల్లో నల్లటి కట్టెలు. రూప ప్రతి ఆటోలోకీ తొంగి చూస్తోంది. బసమ్మ మందుల సంచి రెండు చేతులా పట్టుకొని, “మా పెద్దోడు జాగ్రత్తగా తోల్కపోతాడమ్మా. వానికి పిల్లంటే పానం,” అని ఒకసారి అంది. కాసేపటికి మళ్ళీ అంది. మూడోసారి మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

ఎమ్మిగనూరు దాటాక మంత్రాలయం రోడ్డు మొదట్లో పోలీసు జీపు అడ్డంగా నిలబడి ఉంది. దాని ముందు ఒక ఆటో.

ప్రభావతికి ఊపిరి వచ్చింది. వెనక సీట్లో దీప ఎడమ అంచున, దిండుకు ఆనుకొని కూర్చుని ఉంది. ఆమెకు కుడిపక్కన శ్రీనివాసులు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని.

“ఆపినాను,” అన్నాడు ప్రేమ్ కుమార్ కారు దగ్గరికి వచ్చి. “ఎందుకు ఆపినానో నాకే తెలీదు. ఇప్పుడు చెప్పండి.”

ప్రభావతి ఆటో డ్రైవరును అడిగింది. “యాడికి మాట్లాడుకున్యాడప్పా?”

“నందవరం పక్క పల్లెకని ఎక్కినాడక్కా. ఎమ్మిగనూరు కాడికొచ్చినాంక మంత్రాలయం దిక్కు పోనీ, ఏటి గడ్డకాడ దింపు అన్యాడు.”

“స్వామి దర్శనానికి,” అన్నాడు శ్రీనివాసులు లోపలి నుంచే, తువ్వాలులోంచి వినీ వినపడకుండా.

“దర్శనానికైతే మఠం దగ్గర దిగాల. ఏటికి ఎందుకు?”

“స్నానం చేపిచ్చి...”

“కాలు ఊనలేని పిల్లకు. నువ్వు ఒక్కనివే. అవ్వను కూడా వదిలేసి.”

శ్రీనివాసులు తువ్వాలు ఇంకా పైకి లాక్కున్నాడు.

ప్రేమ్ కుమార్ ప్రభావతిని పక్కకు తీసుకెళ్ళాడు. ఆమె కుర్చీ సంగతి, గుసగుసల సంగతి, సోమవారం నుంచి తల తిప్పడం నేర్చుకుంటే పిల్ల ఇతన్ని చూసేస్తుందన్న సంగతి చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. “సందులో కూర్చోవడం నేరం కాదు మేడమ్,” అన్నాడు చివరకు. “ఏటికి పోవడం నేరం కాదు. అనుమానం నాకూ వచ్చింది. కానీ అనుమానంతో నేనేం చేసుకోవాల?”

“ఆయన్ను దిగమని చెప్పండి. ఆటో ముందు నుంచి తిరిగి ఈ పక్కకు రమ్మనండి. ఇంకేం వద్దు.”

“మేడమ్,” రూప అడ్డం వచ్చింది. “పిల్లకు...”

ప్రభావతి ఒక్క క్షణం తటపటాయించింది. తను చేయబోతున్నది ఎంత క్రూరమో ఆమెకు తెలుసు. “నువ్వు ఆమె చెయ్యి పట్టుకొని ఉండు రూపా. వదలొద్దు.”

“దిగు,” అన్నాడు ప్రేమ్ కుమార్.

శ్రీనివాసులు కుడివైపు నుంచి దిగాడు. దిగి అక్కడే నిలబడ్డాడు. “ఈ పక్కకు రా.” కదలలేదు. కానిస్టేబుల్ రెక్క పట్టుకొని ఆటో ముందు నుంచి నడిపించాడు. ముందు అద్దం దాటి, హెడ్‌లైటు దాటి, అతను దీప ఎడమవైపుకు వచ్చాడు. తువ్వాలు జారిపోయింది.

దీప చూసింది.

ముందు అరవలేదు. మొహంలో రంగు పోయింది. ఎడమ చెయ్యి రూప వేళ్ళను విరిచేస్తున్నంత గట్టిగా పట్టుకుంది. గొంతులో ఏదో కదిలింది. తర్వాత మాట వచ్చింది. వారాల తరబడి ఒక్క మాట కూడా సరిగ్గా పలకని నోట్లోంచి, స్పష్టంగా, పెద్ద మనిషి బతిమాలుకుంటున్న యాసతో వచ్చింది.

“వద్దు బావా. పిల్ల ఉంది బావా. వద్దు బావా.”

ఆగలేదు. అదే మాట, అదే స్వరం, మళ్ళీ మళ్ళీ. రూప ఆమెను గుండెకు హత్తుకుంది, తల తిప్పేసింది, చెవులు మూసింది. అయినా ఆగలేదు.

“ఇది ఎట్లా?” అన్నాడు ప్రేమ్ కుమార్. “మాట లేదన్నారు కదా!”

“అడిగితే చెప్పే మాట వేరు సార్,” అంది రూప ఏడుస్తూనే. “దేవుని పాట, ఒకటి రెండు మూడు అనే లెక్క, తిట్టు, భయంలో విన్న మాట, ఇవి వేరే దారిలో వస్తాయి. ఆమె చెప్పడం లేదు. వస్తున్నాయి, అంతే.”

“తొమ్మిదేళ్ళ పిల్లకు బావ ఎవరు? వీడు పెదనాన్న కదా. పొద్దున మీరే తేల్చినారు, ఈ పిల్ల మాట పనికిరాదని. కోర్టులో...”

“అది దాని మాట గాదు సార్.”

బసమ్మ కారు దిగింది. మందుల సంచి సీట్లోనే వదిలేసింది. కారు తలుపు పట్టుకొని నిలబడింది.

“అది దాని అమ్మ మాట. మా ఈశ్వరి ఇట్లే అనేది. పెద్దోన్ని బావా అని పిలిసేది.”

శ్రీనివాసులు “అమ్మా!” అన్నాడు. ఇప్పుడు గొంతు గుసగుసలాడలేదు. రోడ్డు అవతల నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. దీప రూప ఒళ్ళో ముడుచుకుపోయింది.

ముసలామె కొడుకు వైపు చూడలేదు. ప్రేమ్ కుమార్ వైపే చూసింది.

“బావ సూపు బాగలేదత్తా అని నాతో మొర పెట్టుకునింది సార్. ఇంటి పరువు పోతాది, నోరు మూసుకో అని నేనే అన్యా. ఆ పొద్దు మీ పోలీసోళ్ళు వచ్చి నీ పెద్దకొడుకు యాడుండె అని అడిగిరి. ఇంట్లోనే పండుకోనుండె అని సెప్తి. వాడు అట్ల సెప్పమన్యాడు, సెప్తి. సిన్నోడు ఎట్లాగూ జైలుకు పోయినాడు, ఈడు గూడా పోతే నాకెవరని.” ఆమె ఊపిరి తీసుకుంది. “వాడు ఇంట్లో లేడు సార్. సేనికాడ నుంచి వచ్చినాడు. వచ్చి సొక్కా ఇప్పి పొయ్యిలో ఏసినాడు. సీడపురుగు మందు పడిందమ్మా అన్యాడు. నమ్మితి.”

కానిస్టేబుల్ శ్రీనివాసులు రెండో రెక్క కూడా పట్టుకున్నాడు.

ప్రేమ్ కుమార్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. ప్రభావతి వైపు ఒకసారి చూసి, చూపు దించుకొని, ముసలామె దగ్గరికి నడిచాడు.

“ఈ మాట కోర్టులో కూడా చెప్పాల్సొస్తాది అవ్వా. వీడు ఎదురుగా బోనులో నిలబడి ఉంటాడు. చెప్తావా?”

బసమ్మ అప్పుడు చూసింది కొడుకు వైపు. చాలాసేపు చూసింది.

“ఈడ సెప్పేదే కష్టం సార్,” అంది. “ఆడ కష్టమేముంది.”